ఖాళీ సైకిలు రాని మనిషి

సైకిలు తొక్కడం రానివాళ్లను చాలామందిని చూశాను. ఖాళీ సైకిలు తొక్కడం రాని మనిషిని మాత్రం ఒక్కణ్ణే చూశాను. వెనక క్యారియర్ మీద చీరల మూట ఉంటే ఆయన సూరత్ రింగ్ రోడ్డు రద్దీలో కూడా ఒంటి చేత్తో పోయేవాడు. మూట దింపేశాడంటే చాలు, హ్యాండిల్ పట్టుకుని సైకిలును నడిపించుకుంటూ ఇంటికి వెళ్లేవాడు. ఎండైనా అంతే, వానైనా అంతే.

"ఎక్కి పోరాదా బావా?" అంటే, "ఎన్క ఎవ్వలు లేకుంటె ఇది మాట ఇనది మెహతాజీ" అనేవాడు.

నన్ను మెహతాజీ అనడం ఆయన వేళాకోళం. మార్కెట్లో లెక్కలు చూసేవాళ్లను గుజరాతీలు అలా పిలుస్తారు. పర్వత్ పాటియా దగ్గర ఒక చీరల దుకాణంలో నాది ఆ పని. ఆయన మా దుకాణం నుంచి చీరలు మూటగట్టుకుని మా తెలంగాణ వాళ్ల ఇళ్లకు పంచేవాడు. ఆడవాళ్లు వాటి మీద మెరిసే రాళ్లు అంటించి, లేసులు కుట్టి పెడితే మళ్లీ మూటగట్టి తెచ్చేవాడు. ఇద్దరిదీ సిరిసిల్ల వైపే. వరస కలుపుకుని నేను బావా అన్నాను గానీ, ఆయన మెహతాజీ దగ్గరే ఆగిపోయాడు.

ఈ చలికాలం ఒకరోజు పొద్దున ఆయన భార్య నాకు ఫోన్ చేసింది. "తమ్మీ, ఈసారి సైకిళ్లెప్పుడు పోతున్నయి?" అని అడిగింది. ఆయన పోయి అప్పటికి ఏడాది కాలేదు. ఆమె అడిగింది ఆ ఒక్క మాటే అయినా, ఫోన్ పెట్టేశాక నాకు లెక్కలు సాగలేదు. ఆయనే కళ్ల ముందు తిరిగాడు.

ఎక్కే ముందు మూటను తట్టేవాడు, పడుకున్న మనిషిని లేపినట్టు. తొక్కుతూ తొక్కుతూ ఎడమ చెయ్యి వెనక్కి పోనిచ్చి తడిమి చూసుకునేవాడు. దారిలో ఆగి ఎవరితో మాట్లాడుతున్నా ఆ చెయ్యి మూట మీదే ఉండేది. ప్యాంటు కాలికి బట్టలారేసే క్లిప్పు పెట్టుకునేవాడు. సైకిలుకు బెల్లు లేదు. "జర పక్కకు, మాలున్నది!" అని తెలుగులోనే అరిచేవాడు. గుజరాతీలూ మార్వాడీలూ బుద్ధిగా పక్కకు జరిగేవారు. అది భాష అర్థమై కాదు, ఆ గొంతుకు జడిసి.

దుకాణంలో కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాదు. గోడకు ఆనుకుని నిలబడి చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్లేవాడు. ఎవరైనా కష్టాలు చెప్పుకుంటే పూర్తిగా విని, "బరువుంటెనే బండి నిలబడ్తది" అని ఒక మాట పడేసేవాడు. అది ఓదార్పో ఎకసెక్కమో ఎవరికీ తెలిసేది కాదు. నాకైతే చాలాసార్లు ఒళ్లు మండేది.

ఆయన భార్య ఆయనకు పూర్తిగా వ్యతిరేకం. ఆమె నోరు విప్పితే వీధి వీధంతా వినాల్సిందే. రాళ్లు అంటించడంలో మా బస్తీలో ఆమె తర్వాతే ఎవరైనా. గమ్ము చుక్క పెట్టడం, రాయి నొక్కడం, మధ్యలో పక్కింటావిడను ఆడిపోసుకోవడం, మూడూ ఒకేసారి సాగేవి. ఆమె చేసిన చీర అంచు మీద వరస గీత గీసినట్టు ఉండేది. అలాంటిది ఒక ఏడాది ఆ వరస తప్పింది. రాళ్లు పక్కకు జరిగిపోతున్నాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. దుకాణంలో చీరలు తిరగ్గొట్టారు. కళ్లజోడు మార్చారు, రాళ్లు తప్పడం మానలేదు. తర్వాత కాళ్లు తిమ్మిరెక్కాయి, ఆ తర్వాత లేచి నిలబడడమే కష్టమైంది. ఆయన మూటలు దింపి ఇంటికి పోయి ఆమెను లేపి కూర్చోబెట్టి, అన్నం పెట్టి, మళ్లీ మూటలకు వచ్చేవాడు. జబ్బేమిటని అడిగితే నరాలన్నాడు. అంతకుమించి నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

నా సైకిలు సంగతి కూడా చెప్పాలి. నాకు షుగరు వచ్చాక డాక్టరు రోజూ నడవమన్నాడు. నడక నాకు పరమ విసుగు. అందుకని ఒక ఆదివారాల సైకిలు గుంపులో చేరి, ఒక పాత గేర్ల సైకిలు కొనుక్కున్నాను. గుంపులో అందరూ వ్యాపారులు, డాక్టర్లు. తలకు హెల్మెట్లు, మెత్తలు కుట్టిన నిక్కర్లు. తొక్కేది కొంత, దారిలో ఆగి లోచో అనే సూరత్ టిఫిను తినేది అంతకంటే ఎక్కువ. అయితే ఏటా చలికాలంలో ఒక మంచి పని చేస్తారు. ముంబై దాకా సైకిళ్ల మీద వెళ్తారు. తొక్కిన దూరాన్ని బట్టి తెలిసినవాళ్లు చందాలిస్తారు. మా కెప్టెన్ ఒక జరీ వ్యాపారి. ఆయన చెల్లెలికి నరాల జబ్బు ఉంది. అందుకని ఆ చందా ఆ జబ్బు మీద పరిశోధన చేసేవాళ్లకు వెళ్తుంది.

కరోనా వచ్చిన ఏడాది గుంపుగా పోవడానికి లేదన్నారు. ఎవరి దారిన వాళ్లు, వీలైనంత దూరం తొక్కాలి, ఫోన్ ఆ దూరం లెక్కపెడుతుంది అని నిర్ణయించారు. నేను దుకాణంలో సేటు దగ్గర చందా అడుగుతుంటే బావ మూట కడుతూ విన్నాడు.

"ఏం జబ్బది మెహతాజీ?"

"మల్టిపుల్ స్క్లెరోసిస్ అంటారు బావా."

ఆయనకు ఇంగ్లీషు రాదు. కానీ ఆ రెండు మాటలూ మెల్లగా, తప్పు లేకుండా మళ్లీ అన్నాడు. "మా ఇంట్ల ఉన్నది గదే" అన్నాడు.

 మూట కట్టడం ఆపి ఆయనే చెప్పుకొచ్చాడు. "డాక్టర్ సాబు మంచిగ సమజాయించిండు. నరాల మీద పొర ఉంటదట, గది ఊడిపోతదట. పడుగుకు గంజి ఊడినట్టు. పోగు పోగే ఉంటది, కని తెగుతది. జర ఆగేతందుకు మందులున్నయట. బాగు చేసే మందు దొరకలేదట, ఎతుకుతున్నరట." మళ్లీ ముడి బిగిస్తూ, "మీరు సైకిల్ దొక్కేది ఆ ఎతికేటోళ్ల కోసమా?" అన్నాడు.

అవునన్నాను.

"అయితే నేను దొక్కుత."

అక్కణ్ణుంచి మొదలైంది గొడవ. కెప్టెన్ మంచివాడు. మా బావను కాకా అంటూ, ఆయన కూడా వస్తానన్నాడని మురిసిపోయి, తన దగ్గరున్న తేలిక సైకిలు ఒకటి ఆయనకు ఇప్పించాడు. ఆదివారం పొద్దున ఖాళీ మైదానంలో అందరం చూస్తుండగా ఎక్కాడు. ఎక్కినంతసేపు పట్టలేదు, పక్కకు ఒరిగి పడ్డాడు. రెండోసారీ అంతే. సూరత్ సగం తిరిగిన మనిషి చిన్నపిల్లాడిలా పడుతుంటే గుంపులో కొందరికి నవ్వు ఆగలేదు. ఆయనా దులుపుకుని నవ్వాడు. "ఎన్క ఎవ్వలు లేరు గద. నా సైకిల్ మీద మూటతోని వస్త" అన్నాడు.

"కాకా, లోడ్ నహీ చలేగా. గిర్ జాఓగే" అన్నాడు కెప్టెన్. బరువుతో పడతావంటాడు ఈయన, బరువు లేక పడ్డానంటాడు ఆయన. ఇద్దరూ ఒకరినొకరు వింతగా చూసుకున్నారు. చివరికి, ఈ ఏడాది ఎవరి దారి వారిదే కదా, ఎవరు చూడొచ్చారు, నీ ఇష్టం అని కెప్టెన్ వదిలేశాడు.

ఆ మూటలో ఏముంటుందో అప్పటికి మాకెవరికీ తెలియదు. రాళ్లు వరస తప్పిన కొత్తలోనే ఆమె మేడారం తల్లులకు నిలువెత్తు బంగారం మొక్కుకుందట. చేతులు బాగు చేయమని, తన బరువుకు సరితూగే బెల్లం సమర్పిస్తానని. జాతర వచ్చేసరికి ఆమె కాళ్లు లేవలేదు. ఆ తర్వాత లాక్‌డౌన్. ఇప్పుడు ఆయన ఆ బంగారాన్ని సైకిలు మీద పెట్టి, మందు వెతికేవాళ్లకు ఇవ్వాలని తీర్మానించుకున్నాడు. "తల్లులు ఏమనుకోరు. ఎతికేటోళ్లు కూడ తల్లుల లెక్కనే" అన్నాడు. ఇది చందాల సైకిలు యాత్ర బావా, మొక్కు కాదు అని నేను నచ్చజెప్పబోయాను. "ఒకరి కోసం కష్టపడి దూరం పోవుడు మొక్కు గాకపోతె ఏంది?" అన్నాడు. నాకు దేవుళ్లతో లావాదేవీలు తక్కువ. 

తూకం వేయడానికి, సాంచాలనే మరమగ్గాల షెడ్డులో తెగిన నూలు తూచే పెద్ద కాంటా దగ్గరికి ఆమెను తెచ్చాడు. ప్లాస్టిక్ కుర్చీతో సహా ఎత్తి కాంటా మీద పెట్టాడు. చుట్టూ సాంచాలు దడదడలాడుతున్నాయి.

"నన్ను వేస్టేజి కింద తూస్తున్నరా ఏంది?" అని అరిచింది ఆమె.

"సప్పుడు జెయ్యకు, ముల్లు ఆడుతది" అన్నాడు ఆయన.

"కుర్చీ బరువు తీసేయమను. దానికేం రోగం లేదు."

కాంటా మనిషి పగలబడి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆయన మాత్రం ముల్లు మీద నుంచి చూపు తిప్పలేదు. అంత బెల్లం కొని, కొత్త గోనెసంచిలో కుట్టి, పసుపు బొట్టు పెట్టి, పాత ట్యూబు తాళ్లతో క్యారియర్‌కు బిగించాడు.

నవ్‌సారి దాకా వెళ్లి రావడం ఆయన పెట్టుకున్న దారి. విడతలుగా తొక్కవచ్చని చెప్పాను. "మొక్కును ముక్కలు చేస్తరా?" అన్నాడు. ఆయన దగ్గర దూరం లెక్కపెట్టే ఫోను లేదు కాబట్టి నేను వెంట వెళ్లాను. మొక్కుబడి బెల్లం ఇచ్చేదాకా నేలను తాకకూడదని ఆయన నియమం. అందుకని చాయ్‌కి ఆగినప్పుడు కూడా సైకిలు దిగి, ఒక చేత్తో సైకిలును, ఒక చేత్తో గ్లాసును పట్టుకునేవాడు. స్టాండు వేయరాదా అంటే, బరువుకు స్టాండు జారితే ఎవరి జిమ్మా అన్నాడు. నేను పట్టుకుంటానన్నాను. నా గేర్ల సైకిలు వైపు చూసి, "నీకు బరువు సంగతి ఎర్కలేదు మెహతాజీ, తాగు" అన్నాడు.

నవ్‌సారి దగ్గర పడుతుండగా వెనక చక్రం పంక్చరైంది. రోడ్డు పక్కన పంక్చర్లు వేసే కుర్రవాడు సైకిలును తలకిందులు చేయాలన్నాడు. చేయాలంటే మూట దింపాలి. ఆయన తాళ్లు విప్పి, మూటను రెండు చేతులా ఎత్తి, రోడ్డు పక్క దిమ్మె మీద కూర్చుని ఒళ్లో పెట్టుకున్నాడు. అంత బరువు ఒళ్లో పెట్టుకుని ఎంతసేపు కూర్చుంటావు, సగం నామీద పెట్టు అన్నాను.

"రోజు ఇంట్ల లేపి కూసోబెడ్త గద. అలవాటే" అన్నాడు.

కుర్రవాడు ట్యూబు బయటికి లాగుతూ, మూటలో ఏముందని అడిగాడు. "చాచా, ఇస్మే క్యా హై?"

"మేరీ ఔరత్" అన్నాడు ఆయన, నా పెళ్లాం అని, చాలా మామూలుగా.

కుర్రవాడి చేతిలోంచి పానా కింద పడింది. గోనెసంచి వైపు, పసుపు బొట్టు వైపు, నా వైపు చూశాడు. లేచి పారిపోవడానికి సిద్ధంగా ఉన్నాడు. సంచి కుట్టు కొంచెం విప్పి బెల్లం చూపించి, నాకొచ్చిన హిందీలో మొక్కు సంగతి చెప్పేసరికి నాకు తాతలు దిగివచ్చారు. ఆయనకు మా కంగారు ఏమీ అర్థం కాలేదు. మూట మీద చెయ్యి వేసి, వచ్చేపోయే లారీలను చూస్తూ కూర్చున్నాడు. ఆ కూర్చోవడం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ క్షణంలో ఆయనంటే నాకు చాలా ఇష్టం కలిగింది.

సాయంత్రానికి సూరత్ తిరిగొచ్చాం. కెప్టెన్ ఫోన్ చేసి శభాష్ అన్నాడు. నేనిక ఇంటికి పోయి కాళ్లు చాపుకుందామని చూస్తున్నాను. ఆయన కదల్లేదు.

"ఎక్కడుంటరు మెహతాజీ?"

"ఎవరు?"

"ఎతికేటోళ్లు. బెల్లం ఇయ్యాలె గద."

 డబ్బయితే ఫోన్‌లోంచి పోతుంది. వెతికేవాళ్లు ఏ దేశంలో ఉన్నారో, ఏ గదుల్లో ఉన్నారో నాకేం తెలుసు? కెప్టెన్‌ను అడిగితే ఆయనకూ తెలియదు. బెల్లం నేలకు దించరాదు, ఇవ్వడానికి మనిషి లేడు. బావ ముఖంలో మొదటిసారి భయం చూశాను. మొక్కు తప్పితే దెబ్బ తనకు కాదు, ఆమెకు తగులుతుందని ఆయన భయం.

చివరికి ఆమెను చూసే నరాల డాక్టరు దగ్గరికి పోదామన్నాను. ఆస్పత్రి వాచ్‌మన్ బయటి తిండి లోపలికి రానివ్వనన్నాడు. కరోనా రోజులు, అతని తప్పు లేదు. ఆయన గేటు దగ్గర సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. సాయంత్రం రోగులను చూడడం ముగించి డాక్టరు బయటికి వచ్చాడు. గుజరాతీ కుర్రాడు, ముఖానికి మాస్కు, దాని మీద ఇంకో మాస్కు. సంగతి విని, "చాచా, మై ఖోజ్ నహీ కర్తా. మై సిర్ఫ్ దవా లిఖ్తా హూఁ" అన్నాడు. తాను వెతికేవాణ్ణి కాదు, మందు రాసేవాణ్ణి మాత్రమే అని.

ఆయన ఒప్పుకోలేదు. తెలుగులోనే చెప్పాడు, నేను హిందీలోకి మార్చాను. "ఎతికేటోళ్లు గీయనకే చెప్తరు గద, మందు దొరికిందని. అయితే ఈయననే మనకు దిక్కు. తినుమను."

 డాక్టరు చేతులకు శానిటైజర్ రాసుకుని, మాస్కులు పక్కకు లాగి, బావ ఇచ్చిన బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాడు. అప్పుడు ఆయన మూట మీద నుంచి చెయ్యి తీశాడు. "బెల్లం తిన్నరు సాబ్, మాట తప్పొద్దు. మందు దొరికేదాంక ఏటేట తెస్త" అన్నాడు. మిగిలిన బెల్లం ముక్కలు చేసి గేటు దగ్గరి రోగులకు, వాళ్ల వెంట వచ్చినవాళ్లకు పంచాడు. వాచ్‌మన్ కూడా తిన్నాడు. నాకూ ఒక ముక్క పెట్టాడు. షుగరు ఉందన్నాను. "ప్రసాదానికి షుగరుండదు" అన్నాడు. తిన్నాను. తర్వాత ఖాళీ సైకిలు నడిపించుకుంటూ ఇంటికి వెళ్లిపోయాడు.

ఎండాకాలం రాగానే రెండోసారి కరోనా విరుచుకుపడింది. మంచాన ఉన్న ఆమెకు రాకూడదని అందరం భయపడ్డాం. ఆయనకు వచ్చింది. జ్వరం, ఆయాసం, ఆస్పత్రి, అంతే. ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ప్లాస్టిక్‌లో చుట్టి బండి మీద తీసుకుపోయారు. జీవితమంతా ఏదో ఒకటి మోసిన మనిషికి మేమెవరమూ భుజం పట్టలేకపోయాం. దానికి నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఈ చలికాలం ఆయన భార్య ఫోన్ చేసిన మర్నాడు వెళ్లాను. ఆమె కూతురి దగ్గర ఉంటోంది. మనిషి బాగా చిక్కిపోయింది. నోరు మాత్రం అలాగే ఉంది.

"మందు దొరికిందా తమ్మీ?"

"లేదక్కా."

"మరి గాయన ఏటేట తెస్తనన్నడు గద. ఎవలు పోతరు?" అంది. తనే మళ్లీ, "నిన్ను పొమ్మంటలేను. సైకిళ్లెప్పుడు పోతున్నయో చెప్పు, ఎవరినన్న చూస్త" అని, ఇంకెవరి వైపూ చూడకుండా నా వైపే చూసింది.

నా గేర్ల సైకిలుకు క్యారియర్ లేదు. ఆయన సైకిలు వరండాలో గోడకు ఆనించి ఉంది, హ్యాండిల్‌కు ట్యూబు తాళ్లు చుట్టి. దాన్ని తీసుకుంటుంటే ఆమె లోపల్నుంచి కేకేసింది. "ఖాళీగ ఎక్కకు, అది ఇనది!"

మళ్లీ అదే షెడ్డు, అదే కాంటా, కుర్చీతో సహా. ఈసారి ఎత్తి పెట్టింది నేను, కూతురు. కాంటా మనిషి నవ్వలేదు. ముల్లు ఎక్కడ ఆగిందో నేను చూశాను.

"ఎంతొచ్చింది?" అంది ఆమె.

"నిరుటంతే అక్కా" అన్నాను.

మాట అబద్ధం కాకూడదని బెల్లం నిరుటంతే కొన్నాను. నవ్‌సారి పోయి వచ్చేసరికి నడుము పడిపోయింది. దారిలో ఎన్నిసార్లు చెయ్యి వెనక్కి పోయి మూటను తడిమిందో నాకే తెలియదు. చాయ్ దగ్గర స్టాండు వేయలేదు. ఆస్పత్రి గేటు దగ్గర డాక్టరు నన్ను గుర్తుపట్టి, "చాచా?" అని అడిగాడు. చెప్పాను. డాక్టరు మాస్కు తీసి చెయ్యి చాపాడు. మిగిలినది పంచేశాను. నా ముక్క నేను తిన్నాను.

సంచి మడిచి క్యారియర్‌కు పెట్టి, ఇంటికి పోదామని సైకిలు ఎక్కాను. గేటు దాటీ దాటకముందే హ్యాండిల్ వణకడం మొదలుపెట్టింది. గట్టిగా పట్టుకున్నాను, ఆగలేదు. ఇంకా నాలుగు బారలు తొక్కితే పడిపోయేవాణ్ణే. దిగి, నడిపించుకుంటూ ఇంటికి వచ్చాను.